పాత బండికి కొత్త వైరింగ్ సెట్ ఎంపిక: ఒక 1974 ల్యాండ్ రోవర్ సిరీస్ 3 కేసు

బండి ల్యాండ్ రోవర్ సిరీస్ 3, 1974 మోడల్. 2.25 లీటర్ల పెట్రోల్ ఇంజన్, కుడివైపు స్టీరింగ్, 12 వోల్టులు, నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్ బండి లోహానికి కలిసి ఉంటుంది, కరెంటు తిరిగి వెళ్లే దారి అదే). ఫిర్యాదులు మూడు. రాత్రిపూట హెడ్‌లైట్లు మసకగా ఉంటున్నాయి. బ్రేకు తొక్కితే ఇండికేటర్ తడబడుతోంది. ఎక్కువసేపు నడిపితే డ్యాష్‌బోర్డు కింద నుంచి కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోంది. ఓనర్ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు: "పాత వైర్లన్నీ పీకేసి కొత్త సెట్ వేసేయండి. ఏ సెట్ మంచిదో మాత్రం మీరే చెప్పండి."

బండిని చూడకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు ఇష్టముండదు. ఈ బండి విషయంలో సెట్ మార్చాల్సిందే, అందులో అనుమానం లేదు. అయితే పై మూడు ఫిర్యాదుల్లో ఒక్కటి కూడా కేవలం కొత్త సెట్ బిగిస్తే పూర్తిగా పోయేది కాదు. ఆ సంగతి ముందే తేలడం వల్లే ఏ సెట్ కొనాలో తేలింది.

ముందు మీటర్

ఇంజన్‌ను కొంచెం రేజ్ చేసి బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కొలిస్తే 13.9 వోల్టులు. ఛార్జింగ్‌కు ఢోకా లేదు. హై బీమ్ వేసి ఎడమ హెడ్‌లైట్ కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) వెనక కొలిస్తే 11.1. అంటే 2.8 వోల్టులు దారిలోనే పోతున్నాయి. ఫిలమెంట్ బల్బు వెలుగు వోల్టేజీ తగ్గినంత మేరకే తగ్గి ఊరుకోదు. సుమారుగా వోల్టేజీ 3.4 ఘాతం లెక్కన పడిపోతుంది. ఐదో వంతు వోల్టేజీ పోయిందంటే సగానికి పైగా వెలుగు పోయినట్టే. ఈ బండికి అంతకుముందే ఎచ్4 హాలోజన్ బల్బులు వేశారు, రిఫ్లెక్టర్లు మార్చారు. అయినా వెలుగు రాలేదంటే ఇదీ కారణం.

ఆ 2.8 ఎక్కడెక్కడ పోతోందో చూడాలి. మీటర్ ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది హెడ్‌లైట్ ఎర్త్ పిన్ మీద పెడితే 0.9. లైట్ స్విచ్, డిప్పర్ స్విచ్‌ల మీద కలిపి 0.7. మిగిలిన 1.2 వైర్లలోను, బుల్లెట్ జాయింట్లలోను (తూటా ఆకారపు కొనలను గొట్టంలోకి తోసి వైర్లు కలిపే చోట్లు). ఎంత ఖరీదైన సెట్ తెచ్చి వేసినా నేరుగా తగ్గేది ఈ చివరి 1.2 మాత్రమే.

ఎర్త్ సంగతి ఈ బళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బాడీ రేకుల్లో ఎక్కువ భాగం అల్యూమినియం మిశ్రమం. ఛాసిస్, ఫైర్‌వాల్ (ఇంజన్‌కు, క్యాబిన్‌కు మధ్య గోడ) స్టీలు. ఈ రెండు లోహాలు బోల్టుతో కలిసిన చోట తడి చేరితే అల్యూమినియం తినేసి తెల్లటి పొడిలా తేలుతుంది. ఆ పొడి గుండా కరెంటు పోదు. హెడ్‌లైట్ ఎర్త్ వింగ్ రేకు మీద బిగించి ఉంటే, అక్కడి నుంచి బ్యాటరీ దాకా కరెంటు ఇలాంటి జాయింట్లు కొన్నింటిని దాటుకుంటూ పోవాలి. వెనక లైట్ల గోల కూడా ఇదే. బ్రేకు బల్బులు రెండూ కలిపి 42 వాట్లు. వాటి కరెంటుకు సరైన ఎర్త్ దొరక్కపోతే పక్కనున్న ఇండికేటర్ బల్బు గుండా దారి వెతుక్కుంటుంది. బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్ తడబడుతోందని ఎవరైనా చెబితే, ఫ్లాషర్ యూనిట్ (ఇండికేటర్ కొట్టుకునేలా చేసేది) మార్చే ముందు వెనక లైటు ఎర్త్ బోల్టు విప్పి చూడండి.

వాసన ఎక్కడిది?

డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే ఒక గ్రీన్ వైరు వేడిగా తగిలింది. ఫ్యూజ్ బాక్స్ వైపున్న కొన దగ్గర నాలుగు వేళ్ల మేర ఇన్సులేషన్ మెరుపు పోయి, ముట్టుకుంటే జిగటగా ఉంది. పక్కనే ఉన్న వైట్ వైరు దానికి అతుక్కుపోయింది. రెంటినీ మెల్లగా విడదీస్తే వైట్ వైరు మీద గ్రీన్ రంగు చార మిగిలింది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపి ఉంటే ఆ రెండూ లోపల కలిసిపోయేవి.

బ్రిటిష్ బళ్ల రంగుల పద్ధతి బీఎస్-ఏయూ7 ప్రకారం బ్రౌన్ అంటే బ్యాటరీ నుంచి ఫ్యూజ్ లేకుండా వచ్చేది, వైట్ అంటే కీ తిప్పాక వచ్చేది, గ్రీన్ అంటే కీ తిప్పాక ఫ్యూజ్ దాటి వచ్చేది. ఈ గ్రీన్ లైన్ మీద మొదట్లో వైపర్, హీటర్ ఫ్యాన్, బ్రేకు లైట్ల వంటివి ఉండేవి. ఎప్పుడో ఎవరో రేడియేటర్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టి దాన్నీ ఇదే లైన్‌కు తగిలించారు. ఫ్యాన్ ఒక్కటే 12 ఆంపియర్లు లాగుతోంది. వైపర్ 3, హీటర్ 5, బ్రేకు లైట్లు మూడున్నర కలిపితే ఇరవై మూడు దాటింది. ఆ వైరు 28/0.30, అంటే 0.30 మిల్లీమీటర్ల తీగలు 28 ఉన్న 2 చదరపు మిల్లీమీటర్ల వైరు. మామూలు పీవీసీ ఇన్సులేషన్‌తో దానికి పదిహేడున్నర ఆంపియర్లే హద్దు.

మరి ఫ్యూజ్ ఎందుకు పోలేదు? పాత బళ్లు చూసే ప్రతి ఎలక్ట్రీషియన్‌కూ ఇది తెలిసి ఉండాలి. ఆ కాలపు బ్రిటిష్ గాజు ఫ్యూజ్ మీద 35 అని ఉంటే, అది కాలిపోయే ఆంపియర్లు. ఎడతెగకుండా మోయగలిగేది అందులో దాదాపు సగం, 17 మాత్రమే. ఇప్పటి బ్లేడ్ ఫ్యూజులు, అమెరికన్ పద్ధతి గాజు ఫ్యూజుల మీద రాసే అంకె మోయగలిగే కరెంటు. ఈ బండిలో పాత గాజు ఫ్యూజ్ తీసేసి, అంకె సరిపోయిందని 35 ఆంపియర్ల కొత్త రకం ఫ్యూజ్ పెట్టారు. దాంతో ఫ్యూజ్ చల్లగా కూర్చుంది, ఆ పని వైరు మీద పడింది. ఇదే ఫ్యూజును ఇలాగే ఉంచి కొత్త సెట్ వేసి ఉంటే, ఆ కొత్త గ్రీన్ వైరు కూడా ఇలాగే కాలేది.

పాత సెట్‌ను అలాగే ఉంచవచ్చా?

ఓనర్‌కు పై లెక్కలు చెప్పాక వచ్చిన ప్రశ్న ఇది. "అయితే ఫ్యాన్‌కు వేరే లైన్ వేసి, ఎర్త్‌లు సరిచేస్తే చాలు కదండీ, సెట్ ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. సెట్ చుట్టూ ఉన్న టేపు విప్పితే జవాబు దొరికింది. ఇంజన్ పక్కగా వెళ్లే వైరును వేలితో వంచితే ఇన్సులేషన్ టప్పున చిట్లింది. పీవీసీలో మెత్తదనం కోసం కలిపే పదార్థం వేడికి, కాలానికి మెల్లగా బయటికి పోతుంది, మిగిలేది పెళుసు ప్లాస్టిక్. ఇన్సులేషన్ అంగుళం ఒలిస్తే లోపల రాగి ఎర్రగా కాదు, నల్లగా ఉంది. ఇంకో అంగుళం ఒలిచినా నలుపే. తడి తీగల మధ్య నుంచి లోపలికి పాకింది. నల్లబడిన రాగి మీద లగ్గు (వైరు కొనకు వేసే లోహపు తొడుగు) క్రింప్ చేస్తే, అంటే నొక్కి బిగిస్తే, పట్టదు, సోల్డర్ అంటదు. కొన కోసి కొత్త లగ్గు వేద్దామంటే ఎంతవరకు కోయాలో తెలియదు.

వెనక్కి వెళ్లే సెట్ ఛాసిస్ రైలు లోపల నుంచి పోతుంది. అది మెత్తగానే ఉంది కానీ, రైలు నుంచి బయటికి వచ్చే రంధ్రం దగ్గర రబ్బరు గ్రోమెట్ లేదు, రేకు అంచుకు ఒరిసి ఒక చోట రాగి కనిపిస్తోంది. దాంతో ముందుది, వెనకది రెండూ మార్చాలని ఖాయమైంది.

ఏ రకం సెట్?

వేరే బండి నుంచి తీసిన వాడిన సెట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దాని వయసూ ఇంతే. ఒరిజినల్ కప్లర్లు, లగ్గులు కోసుకోవడానికి పనికొస్తుంది, బిగించడానికి కాదు.

ఓనర్ మనసు పడింది ఇంకోదాని మీద. ఫ్యాక్టరీ లేబుల్ చెక్కు చెదరకుండా కవర్‌లోనే ఉన్న, అప్పట్లో తయారైన కొత్త సెట్ ఒకటి అమ్మకానికి ఉంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. బండిని పోటీల్లో చూపించుకునేవాళ్లు ఇలాంటివి వెతుక్కుంటారు. కానీ పీవీసీ గోదాములో ఉన్నా ముసలిదవుతుంది, ఇత్తడి లగ్గులు కవర్‌లో ఉన్నా నల్లబడతాయి. అమ్మేవారిని ఒక కొన వంచి వీడియో తీయమంటే టేపు చుట్టిన భాగమే చూపించారు, విడి వైరును వంచి చూపించలేదు. అక్కడితో దాన్ని వదిలేశాం.

మిగిలినవి రెండు: ఏ బండికైనా సరిపోతుందని అమ్మే యూనివర్సల్ కిట్, ఒరిజినల్ నమూనాకు కొత్తగా అల్లిన సెట్.

యూనివర్సల్ కిట్ మీద నాకు కోపమేమీ లేదు. ఫ్యూజ్ బాక్స్, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్‌లు) దాంతోనే వస్తాయి. మంచి కిట్లలో వైరు పొడుగునా అది దేనికో అచ్చువేసి ఉంటుంది. చాలావాటిలో వైరు కూడా క్రాస్‌లింక్డ్ పాలిథీన్ రకం, 125 డిగ్రీల వేడి దాకా తట్టుకుంటుంది. ఇంజన్, డ్యాష్‌బోర్డు, స్విచ్‌లు అన్నీ మార్చేసిన బండికి నేను అదే వేస్తాను. ఈ బండిలో స్విచ్‌లు, మీటర్లు, స్టీరింగ్ కాలమ్ అన్నీ ఒరిజినల్. కిట్ వేస్తే ప్రతి వైరు కొనా కొలిచి కోసి, బ్రిటిష్ బుల్లెట్ లగ్గు చేత్తో వెయ్యాలి. ప్రతి చేతి జాయింటూ రేపు లూజయ్యే అవకాశమున్న చోటే. పైగా కిట్ రంగులు వేరు. ఈ బండి సర్క్యూట్ డయాగ్రమ్ ఉన్న మాన్యువల్ చూసి, బ్లూ-వైట్ హై బీమ్, బ్లూ-రెడ్ లో బీమ్, గ్రీన్-రెడ్ ఎడమ ఇండికేటర్ అని వెతికే తర్వాతి మెకానిక్‌కు అక్కడ ఆ రంగులేవీ కనిపించవు.

ఛార్జింగ్ లైటు విషయం కూడా ఉంది. ఈ రకం ఆల్టర్నేటర్‌కు (ఇంజన్ తిప్పితే తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసేది) డ్యాష్‌బోర్డులో వెలిగే చిన్న 2.2 వాట్ల బల్బు అలంకారం కాదు. కీ తిప్పగానే ఆ బల్బు గుండా, బ్రౌన్-యెల్లో వైరు ద్వారా వెళ్లే కాస్త కరెంటుతోనే ఆల్టర్నేటర్ మేల్కొంటుంది. కిట్‌లో ఆ వైరును వదిలేసినా, బల్బు బదులు ఎల్ఈడీ పెట్టినా ఛార్జింగ్ మొదలవక బ్యాటరీ డౌన్ అవుతుంది.

అందుకని ఒరిజినల్ నమూనాకు కొత్తగా అల్లిన సెట్టే ఎంచుకున్నాం, ఒక షరతు మీద. ఆ సెట్ 1974లో ఈ బండికి ఉన్న లోడ్ మాత్రమే మోస్తుంది. తర్వాత చేరినవన్నీ, అంటే ఫ్యాన్, హాలోజన్ హెడ్‌లైట్లు, పెద్ద ఆల్టర్నేటర్, బ్యాటరీ నుంచి విడిగా వేసే చిన్న సెట్ మీద, ఎవరి ఫ్యూజ్‌తో వాళ్లు నడవాలి. రెంటినీ కలిపి ఒకే సెట్‌గా అల్లిస్తే నీటుగా ఉంటుందని ఓనర్ అన్నారు. ఉంటుంది నిజమే. కానీ అది మళ్లీ ఏ డయాగ్రమ్‌లోనూ లేని సెట్ అవుతుంది.

లెక్క

రాత్రి, వర్షంలో అన్నీ వేస్తే హెడ్‌లైట్లు 10, చిన్న లైట్లు 3, ఇగ్నిషన్ కాయిల్ 4, ఫ్యాన్ 12, వైపర్ 3, హీటర్ 5. మొత్తం 37 ఆంపియర్లు. ఈ బండికి మొదట ఉన్న లూకాస్ 16ఏసీఆర్ ఆల్టర్నేటర్ ఇచ్చేది 34. ఎవరో దాన్ని తీసి 65 ఆంపియర్లది పెట్టడంలో తప్పేం లేదు. దాన్నుంచి వచ్చే 3 చదరపు మిల్లీమీటర్ల పాత వైరును అలాగే ఉంచడమే తప్పు. దాని బదులు 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేశాం, బ్యాటరీ వైపు 80 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాం. కేబుల్ మోయగలిగేది 110, కాబట్టి ముందు ఫ్యూజే పోతుంది.

సెట్ కొనేటప్పుడు "మా వైరు థిన్‌వాల్ అండి, ఎక్కువ ఆంపియర్లు మోస్తుంది" అనే మాట తరచూ వినిపిస్తుంది. అబద్ధం కాదు. అదే 2 చదరపు మిల్లీమీటర్ల రాగికి పలచని, వేడిని ఎక్కువ ఓర్చే ఇన్సులేషన్ వేస్తే పదిహేడున్నర బదులు 25 ఆంపియర్ల దాకా అనుమతిస్తారు. కానీ దారిలో పోయే వోల్టేజీ ఇన్సులేషన్‌ను బట్టి ఉండదు, రాగిని బట్టి ఉంటుంది. ఒక చదరపు మిల్లీమీటర్ రాగి మీటరు పొడవుకు సుమారు 0.0175 ఓమ్. అలాంటి వైరు ఐదు మీటర్లు వెళ్లి ఒక 60 వాట్ల బల్బును వెలిగిస్తే 0.4 వోల్టు పోతుంది, ఇన్సులేషన్ మందమైనా పలచనైనా. హెడ్‌లైట్లకు కావలసింది లావు రాగి, పొట్టి దారి. అందుకే బ్యాటరీ పక్కనే రెండు రిలేలు పెట్టి, అక్కడి నుంచి 3 చదరపు మిల్లీమీటర్ల వైరుతో హెడ్‌లైట్లకు లైన్ ఇచ్చాం. పాత బ్లూ-వైట్, బ్లూ-రెడ్ వైర్లు ఇప్పుడు రిలేలను పనిచేయించడానికే. స్విచ్‌ల మీద పోయే 0.7 కూడా దీంతో పోయింది.

ఆర్డర్ ఇచ్చే ముందు

మోడల్, సంవత్సరం చెబితే చాలదు. ఛాసిస్ నంబరు మొత్తం ఇవ్వాలి, ముందున్న అంకెలతో సహా. స్టీరింగ్ ఎటువైపు, పెట్రోలా డీజిలా, వైపర్ మోటార్ ఒక స్పీడా రెండా, హజార్డ్ స్విచ్ ఉందా, ఆల్టర్నేటర్ వెనక ప్లగ్గా స్టడ్డా, ఇవన్నీ అడగని సప్లయర్ దగ్గర నేను కొనను. అలాగే ఇగ్నిషన్ కాయిల్. ఆ కాలపు కొన్ని బ్రిటిష్ కార్లలో కాయిల్‌కు వెళ్లే పింక్-వైట్ వైరే రెసిస్టెన్స్. మామూలు 3 ఓమ్‌ల కాయిల్‌కు ఆ వైరు ఉన్న సెట్ వేస్తే స్పార్క్ బలహీనపడుతుంది, ఆ వైరు అవసరమైన 1.5 ఓమ్‌ల కాయిల్‌కు మామూలు వైరు వేస్తే కాయిల్ మాడుతుంది. మన బండిలో కాయిల్ కొలిస్తే 3 ఓమ్‌లు, కాబట్టి మామూలు వైట్ వైరే చాలు.

ఇన్ని అడిగినా మొదట వచ్చిన సెట్ సరిపోలేదు. పాత సెట్‌ను కొమ్మలు చీలే చోట్లన్నీ ట్యాగులు కట్టి ప్లైవుడ్ పలక మీద పరిచి ఉంచాం. దాని మీదే కొత్తదాన్ని పరిస్తే డ్యాష్‌బోర్డు కొమ్మ జానెడు పొట్టిగా ఉంది, స్పీడోమీటర్ వైపు వెళ్లాల్సిన వైర్లు రెండో వైపుకు మళ్లి ఉన్నాయి. అది ఎడమవైపు స్టీరింగ్ బండిది. ఫొటో పంపితే మార్చి ఇచ్చారు. పాత సెట్ పీకగానే పారేసే అలవాటు ఉన్నవాళ్లకు ఈ తేడా ఫైర్‌వాల్‌కు సగం బిగించాక గానీ తెలియదు.

విడి సెట్ కోసం తెచ్చిన వైరును మాత్రం బ్లేడుతో గీకి చూశాం. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే వైరు మార్కెట్లో చాలా ఉంది. గీకితే లోపల వెండి రంగు కనిపిస్తుంది. అదే మందానికి రాగి కన్నా తక్కువ కరెంటు మోస్తుంది, క్రింప్ కింద కాలక్రమంలో లూజవుతుంది.

బిగింపు, ఆ తర్వాత

బిగింపులో కొత్త సంగతులు తక్కువే. వెనక సెట్‌ను పాతదాని కొనకు కట్టి ఛాసిస్ రైలు గుండా లాగాం, ప్రతి రంధ్రానికీ కొత్త గ్రోమెట్ వేశాం. ప్రతి లైటుకూ విడిగా బ్లాక్ వైరు తీసి, ముందువి ఫైర్‌వాల్ స్టీలు మీద, వెనకవి ఛాసిస్ మీద, రంగు గీకిన చోట బిగించాం. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు కొత్త ఎర్త్ స్ట్రాప్ వేశాం. కొనలన్నీ క్రింప్ చేసినవే. సోల్డర్ తీగల్లోకి పాకి ఆగే చోట వైరు బిగుసుకుపోయి, అదురుకు అక్కడే తెగుతుంది. గ్రీన్ లైన్‌కు మళ్లీ పాత రకం 35 ఫ్యూజే పెట్టి, ఫ్యూజ్ బాక్స్ మూత మీద ఆ సంగతి రాశాం.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బ్యాటరీ కేబుల్ నేరుగా తగిలించలేదు. మధ్యలో 21 వాట్ల బల్బు ఒకటి పెట్టాం. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, వైరుకు ఏమీ కాదు. బల్బు వెలగలేదు. తర్వాత ఒక్కో స్విచ్ వేస్తూ పోయాం, లోడ్‌ను బట్టి అది మసకగానో నిండుగానో వెలిగింది. అన్నీ చూశాకే బల్బు తీసి కేబుల్ తగిలించాం.

బ్యాటరీ దగ్గర అదే 13.9 ఉండగా హెడ్‌లైట్ దగ్గర ఇప్పుడు 13.4. ఎర్త్ వైపు నష్టం 0.1 లోపే. బ్రేకు తొక్కినా ఇండికేటర్ ఒకే వేగంతో కొట్టుకుంటోంది. ఫ్యాన్ నడుస్తుండగా గ్రీన్ వైరు పట్టుకుంటే చల్లగా ఉంది.

పెట్రోల్ మీటర్, టెంపరేచర్ మీటర్ రెండూ కొత్త సెట్‌తోనూ ఎక్కువే చూపించాయి. రెండూ ఒకేసారి ఒకే వైపు తప్పుతున్నాయంటే వాటికి 10 వోల్టులు ఇచ్చే స్టెబిలైజర్‌ను చూడాలి. దాని డబ్బాకు ఎర్త్ అందకపోతే బ్యాటరీ వోల్టేజీ మొత్తం మీటర్లకు వెళ్లిపోతుంది. మీటర్ల వెనక బిగించే చోట తుప్పు గీకి మళ్లీ బిగిస్తే రెండూ దారికొచ్చాయి. వైపర్ మాత్రం ఇంకా అద్దం మధ్యలోనే ఆగుతోంది. వైర్లు చూశాం, బాగున్నాయి. వైపర్‌ను సరైన చోట ఆపే, మోటార్ లోపలి పార్క్ స్విచ్ అరిగింది. ఓనర్ ఆ మోటార్ తెస్తే అదీ మార్చాలి.